మురుగు కలిసేచోట అడుగు జీవులు: లోహాల దెబ్బా, ఆక్సిజన్ లేకా?

విశాఖ హార్బర్ లోపల, మురుగు కాలువ కలిసేచోట అడుగు బురద పరీక్షిస్తున్నాం. గ్రాబ్‌లో (అడుగు బురదను పట్టి పైకి తెచ్చే పరికరం) వచ్చేది నల్లటి బురద, కుళ్లిన గుడ్డు కంపు. 0.5 మి.మీ. జల్లెడలో మిగిలేవి దాదాపు అన్నీ కాపిటెల్లా (కాలుష్యాన్ని తట్టుకునే సముద్రపు పురుగు) పురుగులే. నత్తగుల్లల జాడ లేదు. జింక్, సీసం కూడా అక్కడే ఎక్కువ.

కానీ 63 మైక్రాన్ల లోపు మెత్తటి భాగాన్నే తీసుకుని, జింక్, సీసాలకు అల్యూమినియంతో (బంకమట్టిలో సహజంగా ఉండే లోహం) నిష్పత్తి కడితే దూరపు పాయింట్లతో తేడా చాలావరకు పోతోంది. ఆ పాయింట్లలో ఇసుక ఎక్కువ లెండి (హార్బర్‌లో శుభ్రమైన చోటు ఎక్కడని వెతకాలి!). వానలకు ముందూ తర్వాతా ఇదే తీరు. సల్ఫైడ్ (ఆక్సిజన్ లేని బురదలో పుట్టేది) కొలిపిద్దామంటే ల్యాబుకు చేరేలోగా గాలి తగిలి శాంపిల్ పాడవుతోంది.

ఈ జీవుల మార్పు లోహాల వల్లా, ఆక్సిజన్ లేకపోవడం వల్లా అని విడదీసి చెప్పాలంటే ముందుగా ఏ పరీక్ష చేయించాలి?