3,000 రూపాయల లోపు గేమింగ్ హెడ్‌సెట్: ఏది మేలు?

ప్రశ్న (గాజువాక): ల్యాప్‌టాప్‌లో షూటింగ్ ఆటలు ఆడుతాను. శత్రువు అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తున్నదో తెలియాలి, నా మాట స్నేహితులకు స్పష్టంగా వినిపించాలి. బ్లూటూత్‌ది తీసుకోవచ్చా?

జవాబు 1: వద్దండి, ఆ ధరలో వైరుదే మేలు. సాధారణ బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. పైగా మైకు ఆన్ చేయగానే నాణ్యత పడిపోయి, పాత ఫోనులో విన్నట్లుంటుంది. శబ్దం చుట్టూ అన్ని వైపుల నుంచి వినిపిస్తుందని చెప్పే, పెట్టె మీది 7.1 అంకెను చూసి మురిసిపోకండి, ఈ ధరలో అది చాలావరకు సాఫ్ట్‌వేర్ చేసే అనుకరణే.

జవాబు 2: మన విశాఖ ఉక్కపోతను కూడా లెక్కలోకి తీసుకోండి. నా హెడ్‌సెట్ రెక్సిన్ మెత్తలు రెండో వేసవికే పొరలుగా ఊడి, నల్లటి పొట్టు చెవులకు అంటుకొనేది. గుడ్డ మెత్తలున్నది ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: ల్యాప్‌టాప్‌కు ఒకటే జాక్ ఉంది, సరిపోతుందా?

జవాబు 1: మూడు గీతలున్న 3.5 మిల్లీమీటర్ల పిన్ను అయితే మైకుతో సహా సాధారణంగా పనిచేస్తుంది.