మెగ్నీషియం మెటాలిక్ గ్లాస్: యిట్రియం బదులు గెడోలినియం వేస్తే బలం రెట్టింపా?

పర్లాకిమిడి అమ్మాయి:
మాది పర్లాకిమిడి. బరంపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సోమవారం నా సెమినార్, మెటాలిక్ గ్లాస్ మీద, అంటే పరమాణువులు స్ఫటికంలా వరుసకట్టకుండా గడ్డకట్టిన లోహం. మెగ్నీషియం 65, కాపర్ 25, యిట్రియం 10 పరమాణు శాతం చొప్పున కరిగించి రాగి అచ్చులో పోస్తే, 4 మిల్లీమీటర్ల కడ్డీ దాకా స్ఫటికం కట్టకుండా గాజులాగే గడ్డకడుతుందని 1991లో జపాన్‌లో ఇనోవే బృందం చూపించింది. యిట్రియం తీసి గెడోలినియం వేస్తే అది 8 మిల్లీమీటర్లయింది. అంటే బలం కూడా రెట్టింపు అయినట్టేనా? స్లైడ్‌లో అలాగే రాసేశాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. క్లాసులో ఇంగ్లీషు, మెస్సులో ఒడియా. ఇదొక్కటి తెలుగులో చెప్పండి, బుర్రకెక్కుతుంది.

రాయగడ మాస్టారు:
ఆ స్లైడ్ తీసెయ్యి తల్లీ. 8 మిల్లీమీటర్లంటే అంత లావు పోసినా గాజుగా నిలిచిందని. ఎంత బరువు ఆపుతుందన్నది వేరే లెక్క. ముప్పై ఏళ్లు పోత పని చూసినవాణ్ణి, ఈ రెండూ కలిపేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

బస్తాలో ఒట్టి ఉసిరికాయలు పోసి కుదుపు, వరుసలు కడతాయి. శనగలూ నిమ్మకాయలూ కలిపి కుదుపు, వరుస చెడిపోతుంది కానీ సందులు పూడి బస్తా గట్టిపడుతుంది. మెగ్నీషియం పరమాణువు వ్యాసార్థం 160 పికోమీటర్లు, అది ఉసిరికాయ. కాపర్ 128, యిట్రియం 180. పైగా కాపర్‌కి మెగ్నీషియం కంటే యిట్రియం మీద మమకారం చాలా ఎక్కువ. కరిగి ఉన్నప్పుడే ఆ రెండూ చిన్నచిన్న గుంపులు కట్టేస్తాయి. స్ఫటికం పెరగాలంటే ఆ గుంపులు విడిపోయి మళ్లీ సర్దుకోవాలి. చల్లటి అచ్చు అంత టైమివ్వదు.

అయితే సైజుతోనే అంతా అయిపోదు. గెడోలినియం కూడా 180 దగ్గరే కదా, మరి 4 కాస్తా 8 ఎందుకయింది? సెమినార్‌లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, చూసుకో.

ఇక బలం. నొక్కి చూస్తే ఈ గాజులు 800 మెగాపాస్కల్ ప్రాంతం దాకా ఓర్చుకుంటాయి. వరుసే లేదు గనక ఆ వరుసలో జారే లోపాలూ లేవు, అందుకే అంత బలం. జారడం మొదలైందా, సన్నటి ఒక్క పట్టీలోనే జారి ఫట్‌మని ముక్కలు. ఏజెడ్91 (మామూలు మెగ్నీషియం మిశ్రలోహం) పోత ముక్కని లాగితే 230 దగ్గరే తెగుతుంది కదా అని ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టకు. ఒకటి నొక్కింది, ఒకటి లాగింది.

పర్లాకిమిడి అమ్మాయి:
అమ్మో, సరిగ్గా ఆ రెండంకెలే పక్కపక్కన పెట్టాను మాస్టారూ! మరి పెళుసుతనం ఎంతని చెప్పాలి?

రాయగడ మాస్టారు:
యిట్రియం బదులు టెర్బియం వేసినదాంట్లో పగులు నిరోధం 2 మెగాపాస్కల్ రూట్ మీటర్ ప్రాంతంలో వచ్చింది. కిటికీ అద్దానిది ఒకటి లోపు. చూశావుగా, పేరుకే లోహం, తీరు మటుకు అద్దానికి దగ్గర. వెండి 8.5 శాతం కలిపి 25 మిల్లీమీటర్ల లావు కడ్డీ కూడా పోశారు, లావు పెరిగినంత మాత్రాన పెళుసుతనం పోలేదు.

అడగలేదు గానీ ఇది కూడా రాసుకో. మెగ్నీషియం 1090 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, యిట్రియం కరగడానికి 1522 కావాలి. రెండూ ఒకే మూసలో పడేస్తే మెగ్నీషియం ఆవిరైపోతుంది. ముందు కాపర్, యిట్రియం కలిపి కరిగించి, ఆ ముక్కల్ని ఆర్గాన్‌లో మెగ్నీషియంతో కలపాలి. ఇది చెబితే ప్రాక్టికల్ తెలిసిన పిల్లని మార్కులేస్తారు.

జయపురం కుర్రాడు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. జింక్, కాల్షియం కలిపిన రకం కూడా ఒక స్లైడ్ వెయ్యండి అక్కా. శరీరంలో కరిగిపోయే ఎముక స్క్రూల కోసం జ్యూరిక్ శాస్త్రవేత్తలు 2009లో చేశారు. జింక్ 28 శాతం దాటితే, మెగ్నీషియం ఒంట్లో కరిగేటప్పుడు వచ్చే హైడ్రోజన్ బుడగలు బాగా తగ్గిపోతాయి. అక్కడ కలిపిన లోహం మారితే మారింది బలం కాదు, తుప్పు పట్టే తీరు.

పర్లాకిమిడి అమ్మాయి:
తమ్ముడూ, థాంక్స్. మాస్టారూ, స్లైడ్ మార్చేశాను. "లావు 4 నుంచి 8, బలం వేరే పట్టికలో" అని రాశాను. ఉసిరికాయల బొమ్మ కూడా వేశాను, గైడ్ నవ్వకపోతే చాలు.