రాష్ట్ర పతకం ఉన్న కుర్రాడు ఇప్పుడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి వెళ్ళాలా?

మూలపేట మేనమామ, నెల్లూరు:
మా చెల్లెలి కొడుక్కి ఇరవై ఏళ్ళు. 60 కిలోల విభాగంలో రెండుసార్లు రాష్ట్ర పతకం తెచ్చాడు, జాతీయ పోటీలో మాత్రం రెండో బౌట్‌లోనే ఓడి వచ్చాడు. చెన్నైలో పోటీలు ఏర్పాటుచేసే ప్రమోటర్ ఒకాయన నాలుగు రౌండ్ల పోటీలతో ప్రొఫెషనల్‌గా దింపుతానని, మూడేళ్ళ ఒప్పందంపై సంతకం పెట్టమని అడుగుతున్నారు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చేదాకా ఆగమని తల్లి, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే వెళ్ళాలని వాడు. రెండు నెలలుగా కంచం ముందు కూర్చుంటే ఇదే గొడవ. తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు పాత బాక్సర్:
అయ్యా, మన జిల్లాలో బండలాగుడు పోటీలు చూసినవారెవరూ పాలపళ్ళ గిత్తలను సీనియర్ల బండకు కట్టరు. మీవాడి విషయంలో నాకున్న అభ్యంతరం అదే.

ప్రొఫెషనల్ అంటే తలకు హెడ్‌గార్డ్ లేకుండా ఆడటమేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు, పెద్దల విభాగంలో మగవారికి అమెచ్యూర్‌లోనే, అంటే మీవాడు ఇప్పుడు పతకాల కోసం ఆడే బాక్సింగ్‌లోనే, 2013లో దాన్ని తీసేశారు. అసలు తేడా చేతుల దగ్గర ఉంది. మీవాడి బరువుకు అమెచ్యూర్‌లో 10 ఔన్సుల గ్లోవ్స్ అయితే అక్కడ 8 ఔన్సులు, అంటే పిడికిలికీ ఎదుటివాడి ముఖానికీ మధ్య మెత్త తక్కువ. ఇక్కడ ఉతికి దండెం మీద ఆరేసుకునే గుడ్డ పట్టీ చుట్టుకుని వెళ్తాడు. అక్కడ గాజుగుడ్డ, టేపులతో పిడికిలి బిగించి కడతారు; ఆ కట్టే పద్ధతిని ఎదుటి పక్షం మనిషి పక్కనే నిలబడి చూస్తాడు, అధికారి దాని మీద సంతకం పెడతాడు. అంత కాపలా ఎందుకో ఒక్క దెబ్బ తింటే తెలుస్తుంది.

బరువు సంగతి కూడా చూడండి. అమెచ్యూర్‌లో పోటీ ఉన్న రోజు ఉదయమే తూకం కాబట్టి ఒంట్లో నీళ్ళు మరీ తగ్గించుకుంటే రింగులో నిలవలేడు. ప్రొఫెషనల్‌లో తూకం ముందురోజే అయిపోతుంది గనుక, ఒళ్ళు పిండుకుని తూగి, రాత్రికి మళ్ళీ కిలోలకు కిలోలు పెరిగి వచ్చేవాళ్ళు ఎదురవుతారు.

2008లో ఒలింపిక్ కాంస్యం గెలిచిన విజేందర్ సింగ్ ప్రొఫెషనల్ అయింది 2015 అక్టోబరులో, ముప్పైకి దగ్గరపడ్డాక. నిశాంత్ దేవ్ కూడా 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి, పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాకే 2025 జనవరిలో మారాడు. పేరున్నవాడి దగ్గరకు ప్రమోటర్ వెతుక్కుంటూ వస్తాడు. పేరులేనివాడి దగ్గరకు వచ్చాడంటే, ఎందుకు వచ్చాడని అడగాలి.

కావలి నుంచి, కోచ్:
పెద్దాయన మాటల్లో సగమే ఒప్పుకుంటాను. మూడు రౌండ్లు, తొమ్మిది నిమిషాలు చకచకా తాకించి తప్పుకునే అలవాటు కాళ్ళలో ముదిరితే, తరువాత దాన్ని విడిపించడం కష్టం. ఉక్రెయిన్ బాక్సర్ లోమచెంకో సంగతే తీసుకోండి. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు, 2014 మార్చిలో తన రెండో ప్రొఫెషనల్ పోటీలోనే మెక్సికో బాక్సర్ సలీడోతో ఓడిపోయాడు. పతకాల బరువు ఆరోజు అతన్ని కాపాడలేదు. మూడో పోటీలో ప్రపంచ టైటిల్ గెలిచాడన్నదీ నిజమే. అంటే ఆ పాఠం రింగులో దిగి నేర్చుకోవలసిందే, గట్టున కూర్చుంటే రాదు. వెళ్ళినవాళ్ళకు తలుపు మూసుకుపోదు కూడా: వికాస్ కృష్ణన్ 2019లో ప్రొఫెషనల్‌గా ఆడి, తిరిగి వచ్చి టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించాడు.

ఒంగోలు పాత బాక్సర్:
కోచ్ గారూ, వికాస్ కృష్ణన్ 2010లోనే ఇదే 60 కిలోల్లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినవాడు. అతను తిరిగి వస్తే కుర్చీ ఖాళీగా ఉంటుంది. మన పిల్లవాడు మూడేళ్ళ తరువాత వస్తే అతని బరువులో కొత్తవాళ్ళు నలుగురు నిలబడి ఉంటారు, కోటాకు లెక్కలోకి వచ్చే సర్టిఫికెట్లూ పాతబడి ఉంటాయి. అయినా కాళ్ళ అలవాటు గురించి మీరన్నది నిజం, దాన్ని కాదనను.

అసలు మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. అమెచ్యూర్‌లో ప్రత్యర్థిని నిర్ణయించేది డ్రా, అంటే చీటీల లాటరీ. ప్రొఫెషనల్‌లో ప్రమోటర్. తాను పెంచదలచుకున్న బాక్సరుకు గెలుపులు కావాలి, ఆ గెలుపులకు ఓడేవాళ్ళు కావాలి. మీవాడిని ఏ మూలలో నిలబెట్టడానికి తీసుకెళ్తున్నారో ఒప్పందంలో కనిపించాలి. ప్రత్యర్థిని కాదనే హక్కు మీకుందా, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, ఏడాదికి కనీసం ఎన్ని పోటీలు ఇప్పిస్తారు? వీటికి జవాబులు చూసి చెప్పండి.

మూలపేట మేనమామ, నెల్లూరు:
నిన్న రాత్రి మాకు తెలిసిన వకీలు గారి దగ్గర కూర్చుని కాగితమంతా చదివించాను. ప్రత్యర్థిని ఒప్పుకోకపోతే అది ఒప్పందం ఉల్లంఘన అని రాసి ఉంది. స్కానింగు ఖర్చు బాక్సరుదే. పోటీల సంఖ్య ఎక్కడా లేదు. ఈ మూడూ మార్చమని ప్రమోటరుకు ఫోన్ చేస్తే, మిగతా కుర్రాళ్ళెవరూ ఇవన్నీ అడగలేదన్నారు. మావాడు పక్కనే కూర్చుని ఆ మాట విన్నాడు. ఏమీ అనలేదు. పొద్దున ఐదింటికి యథాప్రకారం స్టేడియానికి వెళ్ళాడు, కాగితం మాత్రం బీరువా మీదే ఉంది.