ఎండలో సముద్రం వేస్తున్నా, మెరుపు రావట్లేదు. ఏ తెలుపు కొనాలి?

కొత్తకుంచె:
నాలుగు గంటలుగా దీని ముందే కూర్చున్నా, తల వాచిపోయింది. ఆయిల్స్‌లో ఎండ పడే సముద్రం వేస్తున్నాను. నీళ్లు తళతళలాడాలి కదా, ఎంత తెలుపు పెట్టినా సున్నం కొట్టినట్టుంది. పసుపు కలిపితే ఆకుపచ్చ అయిపోతోంది. గీకడం, మళ్ళీ పెట్టడం. కాన్వాస్ చించేద్దామనిపిస్తోంది. మంచి తెలుపు ఏదో చెప్పండి చాలు.

చెక్కఫ్రేము:
తడి మీద వేస్తున్నారు.

కొత్తకుంచె:
తడి అని నేనెక్కడ అన్నాను?

చెక్కఫ్రేము:
పసుపు ఆకుపచ్చ అయిందన్నారుగా. కింద నీలం తడిగా ఉంటేనే అలా అవుతుంది.

దీపస్తంభం:
అది సరే, గీకి తుడిచిన గుడ్డలు ఎక్కడ పడేస్తున్నారు? ఆయిల్ రంగుల్లో ఉండే లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. గుడ్డని ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోదు, దానంతటదే అంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వెయ్యండి. కిటికీ కూడా తెరవండి, రంగు పల్చన చేసే టర్పెంటైన్ ఆవిరి మంచిది కాదు. ఎవరికీ ఇది పట్టదు, అందరికీ మెరుపులే కావాలి.

కొత్తకుంచె:
గుడ్డల సంగతి తర్వాతండీ. నీలం నిన్న రాత్రే వేశాను. కుంచె సాఫీగా జారాలని నూనె బాగానే కలిపా. ఇవన్నీ చెప్పాలా?

నీలిగీత:
చెప్పకపోతే ఎలాగండీ, సగం తంటా అక్కడే ఉంది. అంత నూనె మీద తక్కువ నూనె ఉన్న రంగు వేస్తే పైది ముందు ఆరి తర్వాత పగులుతుంది. ఆ నీలం మొత్తం తుడిచేసి, టర్పెంటైన్‌తో పల్చగా మళ్ళీ వేసుకోండి.

మిగతా సగం మీ సముద్రం మరీ లేతగా ఉండటం అయ్యుంటుంది. ఒక అట్టముక్క మీద మీ నీలం పూసి మధ్యలో తెల్లచుక్క పెట్టండి. పక్కనే అదే నీలంలో కాస్త బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి ముదురు చేసి ఇంకో చుక్క పెట్టండి. తెలుపు ట్యూబు ఒకటే, కానీ రెండోది వెలుగుతుంది. అంబర్ వల్ల త్వరగా కూడా ఆరుతుంది. మెరుపులు చిట్టచివర వెయ్యండి. తెలుపులో చిటికెడు కాడ్మియం పసుపు కలిపి, రంగులు పూసే నైఫ్ అంచుతో అద్ది ఎత్తేయండి, రుద్దొద్దు. దగ్గర పెద్ద మచ్చలు, దూరదూరంగా. క్షితిజం వైపు వెళ్లేకొద్దీ సన్నగా, దగ్గరదగ్గరగా.

వానచుక్క:
అంతా టోన్ మీదే, అంటే రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నదాని మీదే నడవదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1872లో వేసిన సూర్యోదయం చిత్రాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో చూడండి, సూర్యుడు ఆకాశంలో దాదాపు కలిసిపోతాడు. అయినా రంగుల్లో మండుతున్నట్టుంటాడు. నారింజ, నీలం ఎదురెదురు పడటం వల్ల.

నీలిగీత:
అది మంచు పట్టిన తెల్లవారుజాము. ఈయన వేసేది ఎండ. ఇక్కడ వాల్యూ తేడా లేకపోతే పని జరగదు.

వానచుక్క:
నేను టోన్ అన్నదాన్నే మీరు వాల్యూ అంటున్నారు.

నీలిగీత:
టోన్ అంటే కొందరు రంగులో బూడిద కలపడం అనుకుంటారు, అందుకే.

దీపస్తంభం:
తెలుగులో ఛాయ అంటే సరిపోతుంది కదా.

వానచుక్క:
ఛాయ అంటే నీడ కూడా. ఇంకా గందరగోళం.

కొత్తకుంచె:
మీరు మీరు తేల్చుకోండి. నా తెలుపు ట్యూబు మీద జింక్ అని ఉంది, పర్లేదా?

చెక్కఫ్రేము:
ఇప్పుడా చెప్పేది? జింక్ పల్చగా కప్పుతుంది, కింది నీలం కనిపిస్తుంది. టైటానియం తీసుకోండి.

కొత్తకుంచె:
అట్టముక్క మీద చూశా, ముదురు నీలం మీద చుక్క నిజంగానే వెలిగింది. టైటానియం తెచ్చుకుంటా. థ్యాంక్సండీ అందరికీ. కాన్వాస్ చించలేదు, తుడుస్తున్నా.

దీపస్తంభం:
ఆ తుడిచిన గుడ్డలు?