ఇరుకు దారిలో మట్టి రాలడం ఆగట్లేదు, గుహ మూయకుండా ఏం చేయాలి?

డైవర్లు దిగే, నీట మునిగిన సున్నపురాయి గుహ ఇది, ప్రవాహం దాదాపు లేదు. ద్వారం నుంచి 140 మీటర్ల దగ్గర, 18 మీటర్ల లోతులో, నేలకీ కప్పుకీ మధ్య 1.2 మీటర్లే ఎడం. కింద మెత్తటి బంకమట్టి, పైన పెన్సిల్ అంత సన్నటి సున్నపు ఊడలు. గుహ ఎండి ఉన్న కాలంలో ఏర్పడ్డవి, విరిగితే నీళ్లలో మళ్లీ పెరగవు. వీపు మీద జంట సిలిండర్లున్న డైవర్ కప్పు తగలకుండా కిందికి జారితే ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) కొస మట్టిలో దిగి వేలెడు లోతు గాడి పడుతుంది. కదిలే నీరు లేదు కాబట్టి అది పూడదు.

ఇప్పటికే గైడ్‌లైన్‌ను (డైవర్లు దారి తప్పకుండా కట్టిన తాడు) నేల నుంచి 30 సెంటీమీటర్లు ఎత్తి ఎడమ గోడ వైపు జరిపాం. జట్టుకు ముగ్గురు, రోజుకు రెండు జట్లు, ఫ్రాగ్ కిక్ (మట్టి లేవకుండా కప్పలా కాళ్లు పక్కలకు ఆడించడం) తప్పనిసరి. ముందే బోయన్సీ పరీక్ష (పైకి తేలకుండా, కిందికి జారకుండా ఒకే ఎత్తులో నిలవగలరా అని) కూడా పెట్టాం. కొత్త గాడులు తగ్గాయి. కానీ వదిలిన గాలి బుడగలు కప్పుకు అంటిన మట్టిని రాలుస్తూనే ఉన్నాయి, దానికి ఫిన్ల నియమాలు ఏం చేస్తాయి? మొదటి జట్టుకు 20 మీటర్లు కనిపిస్తే రెండో జట్టుకు మూడే. నీళ్లు తేరుకోవడానికి 36 గంటలు.

రీబ్రీదర్ (వదిలిన గాలినే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే పరికరం) ఉంటే బుడగలు చాలా తగ్గుతాయి. అయితే అది తప్పనిసరి చేస్తే, దానిమీద చేయి తిరగనివాళ్లు కూడా తగిలించుకుని వస్తారు, అది ఇంకా ప్రమాదం. పూర్తిగా మూసేస్తే దొంగచాటుగా దిగేవాళ్లు తయారవుతారు.

ఇలాంటి చోట సైడ్‌మౌంట్ వాళ్లనే (సిలిండర్లు వీపు మీద కాక పక్కలకు తగిలించుకునేవాళ్లు) అనుమతించడం, జట్ల మధ్య 48 గంటల విరామం: వీటిలో కప్పు మట్టి రాలడాన్ని నిజంగా తగ్గించింది మీ అనుభవంలో ఏది?