‘షెర్‌బూర్ గొడుగులు’: జెనెవియెవ్ చేసింది న్యాయమేనా?

ప్రశ్న: జాక్ దెమీ 1964లో తీసిన ఈ ఫ్రెంచ్ చిత్రంలో గ్యారేజీలో కారు మరమ్మతు మాటలతో సహా ప్రతి సంభాషణనూ పాటగానే పాడతారు. అది నాకు త్వరగానే అలవాటైంది కానీ, యుద్ధానికి వెళ్లిన ప్రియుడు గీ కోసం ఎదురుచూడకుండా కథానాయిక జెనెవియెవ్ వజ్రాల వ్యాపారి కసార్‌ను పెళ్లాడటం మాత్రం మింగుడుపడలేదు. మీరేమంటారు?

జవాబు 1: కడుపులో బిడ్డ, తల్లి దుకాణానికి అప్పులు, అల్జీరియా యుద్ధానికి వెళ్లినవాడి నుంచి అరుదుగా వచ్చే ఉత్తరాలు, ఇన్నింటి మధ్య, పుట్టబోయే బిడ్డను తమ బిడ్డగానే పెంచుదామన్న కసార్‌ను ఒప్పుకున్న ఆ చిన్నపిల్లను నేను తప్పుపట్టలేను.

జవాబు 2: అందరూ ఆమె గురించే మాట్లాడతారు గానీ, నా మనసు చివరికి గీని పెళ్లాడే మదలేన్ వైపే మొగ్గుతుంది. గీ పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు, ఇది జెనెవియెవ్ దూరమైన నిరాశలో అడుగుతున్నది కాదు కదా అని ఆమె సూటిగా అడగడం ఎంతో నిజాయితీగా ఉంది.

జవాబు 3: మిషెల్ లెగ్రాన్ సంగీతమే చిత్రానికి ప్రాణం. జెనెవియెవ్‌గా నటించిన కాథరీన్ దెనోవ్‌కు గాత్రం ఇచ్చింది దానియెల్ లికారి. దుస్తులకూ గోడకాగితాలకూ కుదిరిన ఆ రంగుల పొందిక కోసమైనా పునరుద్ధరించిన ప్రతినే చూడండి.