రాసేవారికి సెలవుల కానుకగా పెన్నూ నోటుపుస్తకమూ ఇవ్వడం సరైనదేనా?

సిరాచుక్క (చర్చ ప్రారంభం):

మా అక్క కొన్నేళ్లుగా కథలు రాస్తోంది. నాలుగు కథలు పత్రికల్లో అచ్చయ్యాయి, ఒక నవల సగంలో ఉంది. సంవత్సరాంతపు సెలవుల్లో మేము ఒకరికొకరం కానుకలు ఇచ్చుకుంటాం. గత మూడేళ్లూ నేను ఆమెకు తోలు అట్ట వేసిన నోటుపుస్తకాలే ఇచ్చాను. ఈ మధ్య ఆమె గది సర్దుతున్నప్పుడు ఆ మూడూ ఒక్క అక్షరమైనా పడకుండా అలమరలో భద్రంగా కనిపించాయి. ఆమె నవల రాసుకుంటున్నది మాత్రం బడిపిల్లలు వాడే సాదా పుస్తకాల్లో. నాకు బాధ కలగలేదు గానీ పెద్ద సందేహమే కలిగింది. రాసేవారికి రాత సామగ్రి ఇవ్వడం సహజమనే అందరం అనుకుంటాం కదా, అది నిజంగా వారికి ఉపయోగపడుతుందా, లేక ఏం ఇవ్వాలో తోచక మనం ఎంచుకునే సులువైన దారా? రాసేవారూ, రాసేవారి ఇంట్లో ఉండేవారూ దయచేసి చెప్పండి.

చిత్తుప్రతి:

మీ అక్కగారు ఆ పుస్తకాలు నచ్చక పక్కన పెట్టారని నేను అనుకోను. నచ్చినందువల్లనే దాచుకుని ఉంటారు. పదిహేనేళ్లుగా రాస్తున్న నాకు ఈ బెరుకు బాగా తెలుసు. అందమైన పుస్తకంలో మొదటి పేజీ తెరిస్తే, దానికి తగిన వాక్యమే రాయాలన్న భయం పట్టుకుంటుంది. చిత్తు రాయడమంటే కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన ఇరికించిన మాటలు, సగంలో వదిలేసిన పేరాలు. పది వాక్యాలు చెడితే గానీ ఒకటి నిలబడదు. చెడగొట్టడానికి చెయ్యి రాని కాగితం మీద ఆ పని సాగదు.

అందుకే నేను కానుకలను రెండు విధాలుగా చూస్తాను. రచయిత అన్న హోదాను గుర్తుచేసేవి కొన్ని, రాత పనికి అక్కరకు వచ్చేవి కొన్ని. సూక్తులు అచ్చు వేసిన కప్పులు, ఈక కలం బొమ్మలు, బల్ల మీద పెట్టుకునే అలంకరణలు మొదటి రకానివి. వాటిలో ప్రేమ లేదని నేను అనను, కానీ అవి రచయిత ముందున్న పేజీని ఒక్క వాక్యమైనా ముందుకు జరపవు. రాయడం ఎలాగో నేర్పే పుస్తకాల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. అడగకుండా అటువంటి పుస్తకం ఇస్తే, మీకు ఇంకా రాయడం రాలేదని చెప్పినట్టే వినిపిస్తుంది.

పాళీ:

చిత్తుప్రతి గారి మాటల్లో సగం ఒప్పుకుంటాను, కానీ సామగ్రినంతటినీ అలంకరణల గాటన కట్టడం న్యాయం కాదు. గంటల తరబడి చేత్తో రాసేవారికి మంచి ఫౌంటెన్ పెన్ను ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు. బాల్‌పాయింటును నొక్కి రాయాలి. పాళీ కాగితాన్ని తాకితే చాలు, సిరా దానంతటదే దిగుతుంది. వేళ్ల నొప్పితో రోజుకు రెండు పేజీలు దాటలేకపోయిన నేను పెన్ను మార్చుకున్నాక ఐదు పేజీలు రాయగలిగాను.

చిక్కంతా ఎంపికలో ఉంది. సన్నని అక్షరాలు రాసేవారికి లావు పాళీ ఇస్తే అక్షరాల గుండ్రాలు పూడిపోతాయి. జపాన్ తయారీలో సన్నపాళీ అంటే యూరప్ తయారీలోని సన్నపాళీ కన్నా సాధారణంగా ఇంకా సన్నగా ఉంటుంది. ఎడమచేత్తో రాసేవారి చెయ్యి అప్పుడే రాసిన గీత మీదుగా జరుగుతుంది కనుక, ఆలస్యంగా ఆరే సిరా వారికి నరకం. చిత్రకారులు వాడే ఇండియా ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోస్తే అది ఆరి గట్టిపడి, సిరా దారిని మూసేస్తుంది. కాగితం కూడా అంతే: సిరా పీల్చే కాగితం మీద అక్షరం పాకి, వెనక పేజీలోకి దిగుతుంది. అతుకు కాక కుట్టు వేసిన పుస్తకమైతే బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది, చేత్తో అదిమి పట్టుకోనక్కరలేదు.

కార్మాక్ మెకార్థీ అనే అమెరికన్ నవలాకారుడు ఒకే ఒలివెట్టి టైపు యంత్రం మీద దశాబ్దాలపాటు రాశారు. 2009లో ఆ యంత్రాన్ని వేలం వేస్తే 2,54,500 డాలర్లు పలికింది. దాని స్థానంలో ఆయనకు మిత్రుడు ఇచ్చినది కొత్త హంగుల యంత్రం కాదు. సరిగ్గా అదే నమూనా పాత యంత్రాన్ని వెతికి, అతి తక్కువ ధరకు కొని తెచ్చాడు. సామగ్రి కానుకకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే. ఆ మిత్రుడు తన అభిరుచిని కొనలేదు, రచయిత అలవాటును కొన్నాడు.

చిత్తుప్రతి:

పాళీ గారూ, ఈ ఉదాహరణ నా వాదానికే బలం ఇస్తుంది. ఆయన ఇచ్చినది రచయిత అప్పటికే వాడుతున్న వస్తువు. అలా ఇస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కిటికీపక్కన:

మీరిద్దరూ వస్తువుల దగ్గరే ఆగిపోయారు. నేను ఇద్దరు పిల్లల తల్లిని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాస్తాను. నాకు పెన్నుల కొరత ఏనాడూ లేదు, గంటల కొరత ఉంది.

1956 క్రిస్మస్ నాడు న్యూయార్కులో అమెరికన్ రచయిత్రి హార్పర్ లీకి అందిన కానుక గురించి చాలామంది వినే ఉంటారు. ఆమె అప్పుడు ఒక విమాన సంస్థలో రిజర్వేషన్ గుమాస్తా. మైకేల్ బ్రౌన్, జాయ్ బ్రౌన్ అనే స్నేహితులైన దంపతులు, ఏడాదిపాటు ఉద్యోగం మానుకుని నచ్చినది రాసుకోమని ఆమెకు ఆ ఏటి ఖర్చులకు సరిపడా సొమ్ము ఇచ్చారు. ఆమె నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' 1960లో వెలువడింది, 1961లో పులిట్జర్ బహుమతి పొందింది. అంత సొమ్ము ఇవ్వగలిగేవారు అరుదని నాకు తెలుసు. కానీ అదే కానుకను చిన్న కొలతలో ఎవరైనా ఇవ్వవచ్చు. నా చెల్లెలు ఒక ఏడాది సెలవుల్లో వరుసగా ఎనిమిది ఆదివారాలు పిల్లలను తన ఇంటికి తీసుకువెళ్లింది. నా మొదటి నవల చివరి మూడు అధ్యాయాలు ఆ ఎనిమిది ఆదివారాల్లో పూర్తయ్యాయి.

ప్రూఫురీడరు:

కిటికీపక్కన గారి చెల్లెలి వంటివారు అందరికీ ఉంటే బాగుండేది. అయినా ఒక అపాయం చెప్పాలి. సమయం కానుకగా పొందినవారు దానికి లెక్క చెప్పవలసి వస్తుంది. నాకు ఒక బంధువు వారం రోజులు ఊరవతల ఇల్లు ఇచ్చి, తిరిగి రాగానే ఎన్ని పేజీలయ్యాయని అడిగారు. ఆ వారం నేను రాయలేదు, చదివాను, నడిచాను, కథ నిర్మాణం మార్చుకున్నాను. ఆయన ముఖంలో కనిపించిన నిరాశ నన్ను మరో నెల రాయనివ్వలేదు. బ్రౌన్ దంపతుల కానుకలో గొప్పతనం సొమ్ములో లేదు. ఒక్క వాక్యం అమ్ముడుపోయినా పోకపోయినా తమకు పట్టింపు లేదని వారు ఆమెకు స్పష్టం చేశారు. ఈ విషయాన్ని ఆమే 1961లో ఒక పత్రికా వ్యాసంలో రాసుకున్నారు.

నా వృత్తిని బట్టి ఇంకొకటి కూడా చెబుతాను. రాసేవారికి చాలా అరుదుగా దొరికేది శ్రద్ధగా చదివే మనిషి. వ్రాతప్రతి చదువుతానని మాట ఇచ్చి ఆరు నెలలు మూల పడేయడం కన్నా, ఇరవై పేజీలు మాత్రమే తీసుకుని పది రోజుల్లో చదివి, ఎక్కడ ఆసక్తి సడలిందో, ఎక్కడ మళ్లీ వెనక్కి వెళ్లి చదవవలసి వచ్చిందో అంచున పెన్సిలుతో గుర్తుపెట్టి ఇవ్వడం వెయ్యి రెట్లు నయం. కథను ఎలా దిద్దాలో చెప్పనక్కరలేదు, ఆ పని రచయితది.

సిరాచుక్క:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అక్క గదిలోకి మళ్లీ వెళ్లి, ఆమె వాడే పుస్తకం చూశాను: రెండు వందల పేజీలు, గీతలు లేనిది, పలుచని అట్ట. అటువంటివే పన్నెండు కొంటాను. తోలు పుస్తకాల గురించి ఆమెను ఏమీ అడగను. వాటితోపాటు నవలలో మొదటి ఇరవై పేజీలు చదివి పెన్సిలు గుర్తులతో తిరిగి ఇస్తానని ఒక చీటీ పెడదామనుకుంటున్నాను. కానీ ప్రూఫురీడరు గారి అనుభవం చదివాక ఆ చీటీయే ఒత్తిడి అవుతుందేమోనని వెనకాడుతున్నాను. గడువు రాయాలా, వదిలేయాలా?

ప్రూఫురీడరు:

గడువు మీకు పెట్టుకోండి, ఆమెకు పెట్టకండి. పేజీలు ఎప్పుడు చేతికి వచ్చినా పది రోజుల్లో తిరిగి ఇస్తానని రాయండి. ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఆమెకే వదిలేయండి.